సెర్చ్ కన్సోల్ లెక్కలు డాష్‌బోర్డులోకి తెచ్చుకోవడం: ఏది కలపాలి, ఏది నమ్మాలి

మీరు అడిగినవాటిని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. దాదాపు 400 వ్యాసాలున్న సైటు మీది. సొంతంగా కట్టుకున్న అడ్మిన్ డాష్‌బోర్డు ఉంది. అందులోకి గూగుల్ సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే సేవ) లెక్కలు తెస్తే ర్యాంకులు మెరుగవుతాయా? తేవడానికి ఏ దారి మంచిది? గూగుల్ ఎనలిటిక్స్ (సైటుకు వచ్చినవారిని లెక్కించే సేవ) అంకెలతో అవి ఎందుకు కలవడం లేదు? మూడు నెలల్లో సగటు స్థానం 9 నుంచి 17కు జారింది, క్లిక్కులు మాత్రం పెరిగాయి, దేన్ని నమ్మాలి?

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది అర్థమైతే డాష్‌బోర్డు ఎలా ఉండాలో సగం తేలిపోతుంది.

సగటు స్థానం ఎలా పుడుతుందో చూడండి. ఎవరైనా తెరిచిన ఫలితాల పుటలో మీ లింకు ఉంటే ఒక ఇంప్రెషన్ లెక్కకు వస్తుంది. అప్పుడు మీ లింకు ఎన్నో స్థానంలో ఉందో కూడా నమోదవుతుంది. కనిపించని రోజున ఏమీ నమోదు కాదు, సున్నా కూడా పడదు. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. మూడు నెలల కిందట మీకు 1000 ఇంప్రెషన్లు, అన్నీ 9వ స్థానంలోనే వచ్చాయనుకోండి. ఈ నెల ఆ పాత పదాలే ఒక మెట్టు ఎక్కి 8వ స్థానానికి వచ్చాయి. ఈలోగా మీరు రాసిన కొత్త వ్యాసాలు మరో 1000 సార్లు కనిపించాయి, కాకపోతే 26వ స్థానంలో. పాతవి 8000, కొత్తవి 26000, మొత్తం 34000. దాన్ని 2000తో భాగిస్తే 17. పాత పేజీలు మెరుగుపడ్డాయి, కొత్తవి పోటీలోకి దిగాయి, అయినా డాష్‌బోర్డు మీద అంకె ఎనిమిది మెట్లు కిందికి దిగింది. ఆ ఒక్క అంకె చూసి కంగారుపడి కొత్త వ్యాసాలు తీసేసినవాళ్లు నాకు తెలుసు. చేతికందబోయే పంటను పచ్చిగా ఉన్నప్పుడే కోసేసినట్టయింది.

మీ విషయంలో జరిగింది ఇదేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూడు నెలల కిందట ఇంప్రెషన్లు వచ్చిన శోధన పదాల జాబితా విడిగా తీయండి. అదే జాబితాకు, కేవలం ఆ జాబితాకే, ఇప్పటి స్థానం చూడండి. అక్కడ నిలకడగానో మెరుగ్గానో ఉంటే 17 గురించి బెంగ అక్కరలేదు. అక్కడా దిగజారి ఉంటే అప్పుడు నిజమైన సమస్య ఉంది, దాన్ని పేజీలవారీగా వెతకాలి.

ఇది తలకిందులుగా కూడా జరుగుతుంది. ఒకే పుటలో 100 ఫలితాలు చూపించే సౌకర్యాన్ని 2025 సెప్టెంబరులో గూగుల్ ఆపేసింది. చాలా సైట్లకు కంప్యూటర్ మీద వచ్చే ఇంప్రెషన్లు ఒక్కసారిగా తగ్గాయి, సగటు స్థానం ఒక్కసారిగా మెరుగైంది. ర్యాంకులు గమనించే పనిముట్లు ఆ సౌకర్యంతో అడుగున ఉన్న ఫలితాలను కూడా తెరుస్తూ ఉండేవని, అవి ఆగడంతో ఆ ఇంప్రెషన్లు మాయమయ్యాయని ఈ రంగంలో ఎక్కువమంది అభిప్రాయం. ర్యాంకులు మారకుండానే అంకెలు మారాయి. అందుకే సైటు మొత్తానికి సగటు స్థానాన్ని డాష్‌బోర్డు నెత్తిన పెద్ద అక్షరాలతో పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఒక పదానికి, ఒక పేజీకి ఆ అంకె విలువైనదే. మొత్తం సైటుకు అది దారి తప్పిస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. లెక్కలను కలపడం వల్ల ర్యాంకు పెరగదు. సెర్చ్ కన్సోల్‌ను ఎనలిటిక్స్‌కు జోడించినా, మీ డాష్‌బోర్డులోకి లాగినా, గూగుల్ మీ పేజీలను చూసే తీరు మారదు. పెరిగేది మీ చూపు. వారం వారం ఏ మూడు నాలుగు పేజీలు తెరిచి పని చేయాలో ఆ డాష్‌బోర్డు చెప్పగలిగితే ర్యాంకు పెరిగే అవకాశం ఉంది, చెప్పలేకపోతే అది గోడ మీద క్యాలెండరుతో సమానం. మీరు పెట్టబోయే ప్రతి పటానికీ, ప్రతి పట్టికకూ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ అంకె మారితే సోమవారం ఉదయం నేను ఏ పని వేరుగా చేస్తాను? జవాబు లేకపోతే ఆ పటం వద్దు.

దారుల విషయానికి వస్తే, కోడు రాసే అవసరం లేనివి మూడున్నాయి. వర్డ్‌ప్రెస్ వాడేవారికి గూగుల్ సొంత ప్లగిన్ సైట్ కిట్ ఉంది. గూగుల్ నివేదికల పనిముట్టు లుకర్ స్టూడియోలో సెర్చ్ కన్సోల్ కనెక్టర్ ఉంది. గూగుల్ ఎనలిటిక్స్ 4లో అడ్మిన్ విభాగం నుంచి జోడించుకోవచ్చు. ఈ మూడో దానిలో చాలామంది తడబడే చోటు ఒకటుంది: జోడించాక నివేదికలు వాటంతట అవే ఎడమవైపు పట్టీలోకి రావు. లైబ్రరీలోకి వెళ్లి సెర్చ్ కన్సోల్ సంకలనాన్ని ప్రచురించాలి. జోడించిన వ్యక్తికి ఎనలిటిక్స్‌లో ఎడిటర్ హక్కు, సెర్చ్ కన్సోల్‌లో ధృవీకరించిన యజమాని హోదా రెండూ ఉండాలి.

మీకు సొంత డాష్‌బోర్డు ఉంది కాబట్టి ఏపీఐ దారి (మీ ప్రోగ్రాము గూగుల్ నుంచి నేరుగా లెక్కలు అడిగి తెచ్చుకునే మార్గం) గురించి కాస్త నిదానంగా చెబుతాను. గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్టు తెరిచి, సెర్చ్ కన్సోల్ ఏపీఐని ఆన్ చేసి, ఒక సర్వీస్ ఖాతా (మనిషికి కాక ప్రోగ్రాముకు ఇచ్చే ఖాతా) సృష్టించండి. ఆ ఖాతాకు ఒక ఈమెయిల్ చిరునామా వస్తుంది. దాన్ని సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో మామూలు వినియోగదారును చేర్చినట్టే చేర్చాలి. చదివే హక్కు చాలు, అంతకు మించి ఇవ్వకండి. ఖాతా తాళం ఫైలు సర్వర్‌లోనే ఉండాలి. బ్రౌజర్‌కు వెళ్లే జావాస్క్రిప్టులోగానీ, నలుగురూ చూడగల కోడు భాండారంలోగానీ అది పొరపాటున కూడా ఉండకూడదు.

ఇక్కడ ఎదురయ్యే మొదటి గోడ 403 దోషం. హక్కు ఇచ్చాక కూడా అనుమతి లేదంటుంది. ఎక్కువసార్లు కారణం చిన్నది: మీ ప్రాపర్టీ (సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేసిన మీ సైటు) డొమైన్ రకానిదైతే ఏపీఐకి మామూలు వెబ్ చిరునామా ఇస్తే చెల్లదు. ముందు sc-domain: అని కోలన్‌తో సహా రాసి, అప్పుడు డొమైన్ పేరు రాయాలి. డొమైన్ రకమే ఎంచుకోమని నా సలహా. డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ పేరుకు సంబంధించిన సెట్టింగులు ఉండే చోటు) ఒక రికార్డు పెట్టి ధృవీకరించాలి, కాస్త శ్రమ. కానీ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, ఉపడొమైన్లు అన్నీ ఒకే గొడుగు కిందికి వస్తాయి. చిరునామా ఉపసర్గ రకంలో ఒక్క రూపానికే లెక్క వస్తుంది, సైటు చిరునామా రూపం మారిన రోజున పటం నేలకు అంటుకుంటుంది.

రెండో గోడ కనిపించదు, అందుకే ప్రమాదం. ఏపీఐకి ఎన్ని వరుసలు కావాలో చెప్పకపోతే 1000 మాత్రమే ఇస్తుంది. దోషమేమీ చూపదు, హెచ్చరిక కూడా రాదు. నేను తొలిసారి కట్టిన డాష్‌బోర్డు నెలల తరబడి అలాగే నడిచింది. పైనున్న వెయ్యి పదాలనే మొత్తం సైటు అనుకున్నాం. అడుగున ఉన్న చిన్న చిన్న పదాలు, నిజంగా ఎదగబోయేవి, ఒక్కటీ కంటపడలేదు. అభ్యర్థనకు గరిష్ఠంగా 25,000 వరుసలు అడగవచ్చు. అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతూ మళ్లీ అడగాలి. ఒక ప్రాపర్టీకి, ఒక శోధన రకానికి (వెబ్, చిత్రాలు, వీడియోలు వంటివి), రోజుకు 50,000 వరుసల వరకు దొరుకుతాయి. మీ 400 వ్యాసాలకు అది ధారాళంగా సరిపోతుంది, ఒక్కో రోజును విడివిడిగా అడిగితే.

ఎవరో డాష్‌బోర్డు తెరిచినప్పుడల్లా ఏపీఐని పిలవకండి. రాత్రి ఒకసారి తెచ్చి మీ సొంత పట్టికలో దాచండి. తేదీ, పేజీ, శోధన పదం, దేశం, పరికరం, క్లిక్కులు, ఇంప్రెషన్లు, స్థానం: ఈ నిలువు వరుసలు చాలు. గత రెండు మూడు రోజుల లెక్కలు ఇంకా స్థిరపడి ఉండవు కాబట్టి ప్రతి రాత్రీ గత వారం రోజులను చెరిపి మళ్లీ రాయండి. ఒక్కరోజే తెచ్చుకునే కోడు పెడితే సగం ఉడికిన లెక్కలు శాశ్వతంగా నిలిచిపోతాయి.

దాచుకున్నాక సగటులు తీసే చోట జాగ్రత్త. నేను చూసిన డాష్‌బోర్డుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే. ఒక పదానికి సోమవారం 10 ఇంప్రెషన్లు, 2వ స్థానం. మంగళవారం 990 ఇంప్రెషన్లు, 12వ స్థానం. రెండు రోజుల స్థానాలకు మామూలు సగటు తీస్తే 7 వస్తుంది. నిజానికి 20కి 11,880 కలిపి 1000తో భాగించాలి. 11.9 వస్తుంది. 7 అంటే మొదటి పుట మధ్యలో ఉన్నామని ధీమా. 11.9 అంటే మొదటి పది దాటిపోయామని. పని ప్రణాళికే మారిపోతుంది. కాబట్టి స్థానాన్ని ఇంప్రెషన్లతో గుణించి ఆ మొత్తాన్ని దాచండి, చూపించేటప్పుడు భాగించండి. క్లిక్ శాతానికీ ఇదే నియమం. శాతాలకు సగటు తీయకూడదు, మొత్తం క్లిక్కులను మొత్తం ఇంప్రెషన్లతో భాగించాలి.

ఇంకొక మెలిక. పదాలవారీ వరుసలను కూడితే మొత్తం రాదు, తక్కువే వస్తుంది. అతి కొద్దిమంది మాత్రమే వెతికిన పదాలను వ్యక్తుల గోప్యత కోసం గూగుల్ చూపించదు. వాటి క్లిక్కులు మొత్తంలో ఉంటాయి, పదాల జాబితాలో ఉండవు. చిన్న సైట్లలో ఈ దాగిన భాగం చాలా పెద్దదిగా ఉండవచ్చు. అందుకని తేదీవారీ మొత్తాలను విడిగా అడిగి విడి పట్టికలో పెట్టండి. వివరాల పట్టికను కూడి మొత్తంగా ఎప్పుడూ చూపించకండి. పేజీవారీగా చూసినప్పుడు ఇంప్రెషన్లు ఎక్కువగా కనిపించడం కూడా తప్పు కాదు. ఒకే వెతుకులాటలో మీ రెండు పేజీలు వస్తే సైటు లెక్కలో ఒకటి, పేజీల లెక్కలో రెండు.

ఎనలిటిక్స్‌తో కలవకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. సెర్చ్ కన్సోల్ ఫలితాల పుట మీద జరిగిన క్లిక్కును లెక్కిస్తుంది. ఎనలిటిక్స్ మీ పేజీలో దాని కోడు నడిస్తేనే లెక్కిస్తుంది. కుకీలు వద్దన్నవారు, ప్రకటనలను అడ్డుకునే పనిముట్లు వాడేవారు, పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లినవారు అక్కడ కనిపించరు. పీడీఎఫ్ మీద పడిన క్లిక్కు సెర్చ్ కన్సోల్‌లో ఉంటుంది, ఎనలిటిక్స్‌లో ఉండదు. సెర్చ్ కన్సోల్ రోజు అమెరికా పసిఫిక్ కాలమానంలో నడుస్తుంది, ఎనలిటిక్స్ మీరు ఎంచుకున్న కాలమానంలో నడుస్తుంది. పైగా ఒకే పేజీకి అనేక చిరునామాలుంటే సెర్చ్ కన్సోల్ లెక్కలన్నిటినీ గూగుల్ అసలుదిగా ఎంచిన ప్రామాణిక చిరునామా ఖాతాలో వేస్తుంది. కలపడానికి ప్రయత్నించకండి. రెండూ ఒకే దిశలో కదులుతున్నాయా అన్నదే చూడండి. ఒకటి పెరుగుతూ మరొకటి తరుగుతుంటే ఎనలిటిక్స్ కోడు ఏదో పేజీ నమూనాలో ఊడిపోయిందేమో వెతకండి.

ఏ పదంతో వచ్చినవారు చివరకు చందాదారులయ్యారో చూపమని పైవారు అడగవచ్చు. ఆ లంకె నేరుగా దొరకదు. వచ్చి వాలిన పేజీ ఒక్కటే రెండింటికీ వంతెన. ఆ పేజీకి ఏ పదాలు తెస్తున్నాయో ఒకవైపు, ఆ పేజీ నుంచి ఎంతమంది చేరుతున్నారో మరోవైపు పక్కపక్కన పెట్టండి. అంతకు మించి లెక్క కడితే అది ఊహే. వంతెన నిలవాలంటే చిరునామాలు ఒకే రూపంలో ఉండాలి. చిరునామా చివరన ఉండే ఏటవాలు గీత (/), ప్రశ్నార్థకం తరువాతి భాగం, పెద్ద చిన్న అక్షరాల తేడా సరిచేశాకే రెండు పట్టికలు కలపండి.

ఇప్పుడు అసలు తెర. నేనైతే పటాలు ఒకటి రెండింటికి మించి పెట్టను. మిగతాదంతా పని జాబితాలే. అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది 8 నుంచి 15 స్థానాల మధ్య ఉండి, మీ సైటు స్థాయికి బాగానే ఇంప్రెషన్లు ఉన్న పదం, పేజీ జంటల జాబితా. ఆ పేజీ ఇప్పటికే పరీక్షలో పాసు మార్కుల దగ్గర ఉంది, చిన్న సవరణ చాలు. సైకిల్ మరమ్మతుల మీద ఉన్న ఒక సైటుకు నేను సాయం చేశాను. గేర్లు సర్దుకోవడం మీద వారికి మంచి వ్యాసం ఉంది. జాబితాలో ఆ పేజీకి ఎదురుగా కనిపించిన పదం మాత్రం వేరు: గేరు మార్చగానే గొలుసు జారిపోతోంది అని జనం వెతుకుతున్నారు. స్థానం 11. పేజీ తెరిచి చదివాం. గొలుసు జారడం గురించి ఆరో పేరాలో ఒకే ఒక్క వాక్యం ఉంది. చదువరి తన బాధ చెప్పుకుంటూ వస్తున్నాడు, మనం యంత్రం భాగాల పేర్లతో పలకరిస్తున్నాం. గొలుసు ఎటువైపు జారితే ఏ మరను ఎంత తిప్పాలో రెండు బొమ్మలతో ఒక భాగం రాసి, దానికి చదువరి మాటలతోనే ఉపశీర్షిక పెట్టి, పేజీ పైభాగానికి తెచ్చాం. శీర్షికలో పదాలు కుక్కలేదు. కొన్ని వారాల్లో ఆ పదానికి పేజీ మొదటి పది ఫలితాల్లోకి వచ్చింది. పేజీ గురించి మాకు తెలియని సంగతి ఆ జాబితాలో ఒక్క వరుస చెప్పింది. డాష్‌బోర్డు అంటే నా దృష్టిలో అదీ.

రెండో జాబితా: స్థానం బాగుండి క్లిక్ శాతం తక్కువగా ఉన్నవి. దేనితో పోల్చి తక్కువ? బయట దొరికే సగటులతో కాదు, మీ సైటులోనే అదే స్థానంలో ఉన్న మిగతా పేజీలతో. ముందుగా మీ సైటు పేరుతో వెతికినవాటిని వేరు చేయండి, లేకపోతే అవి అన్ని సగటులనూ పైకి లాగేస్తాయి. శీర్షిక మార్చే ముందు ఆ పదాన్ని మీరే వెతికి ఫలితాల పుట చూడండి. జవాబు అక్కడే పైన పెట్టెలో కనిపిస్తుంటే మీ శీర్షిక తప్పేమీ లేదు. ఏఐ సారాంశాల్లో మీ లింకు కనిపించినప్పుడు ఆ లెక్క కూడా వెబ్ శోధన మొత్తంలోనే కలిసిపోతుంది కాబట్టి, స్థానం బాగుండి క్లిక్కులు పడని కొన్ని వరుసలకు వివరణ అక్కడ దొరుకుతుంది.

మూడోది ఒకే పదానికి రెండు మూడు పేజీలు పోటీపడే జాబితా. వారానికొక పేజీ పైకి వస్తూ ఉంటే వాటిని కలిపేయడమో, ఒక్కోదాని విషయం స్పష్టంగా విడదీయడమో చేయాలి. ఊరికే రెండు పేజీలు కనిపించినంత మాత్రాన సమస్య కాదు. నాలుగోది తగ్గుతున్న పేజీలు. ఇక్కడ పోలిక సరిగా ఉండాలి. నెలకు నెల పోలిస్తే ఆదివారాల సంఖ్య మారి అంకె ఊగుతుంది. 28 రోజులకు 28 రోజులు పోల్చండి. గత ఏడాదితో అయితే 365 కాదు, 364 రోజులు వెనక్కి వెళ్లండి, సరిగ్గా 52 వారాలు, వారం వారంతో కలుస్తుంది.

ఈ జాబితాల పక్కనే ఒక చిన్న పట్టిక తప్పక ఉండాలి: ఏ తేదీన ఏ పేజీలో ఏమి మార్చాం. గూగుల్ సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డులో ప్రకటించే కోర్ అప్‌డేట్ల (ర్యాంకులిచ్చే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పుల) తేదీలు కూడా అందులోనే చేర్చండి. ఇది లేకపోతే పెరిగినప్పుడు ఎందుకు పెరిగిందో, పడినప్పుడు ఎందుకు పడిందో ఎవరికి తోచింది వారు చెబుతారు. ఒక పేజీని మార్చాక కనీసం నాలుగు వారాలు మళ్లీ ముట్టుకోకండి.

సైటు పెరిగే ఆలోచన ఉంటే బిగ్‌క్వెరీకి (గూగుల్ క్లౌడ్‌లోని పెద్ద డేటాబేసు సేవ) నేరుగా పంపే బల్క్ ఎగుమతి చూడండి. 2023లో వచ్చింది. వరుసల పరిమితి లేదు, దాగిన పదాలు మాత్రం అక్కడా పేర్లతో రావు. సెర్చ్ కన్సోల్ సూచించిన సర్వీస్ ఖాతాకు బిగ్‌క్వెరీ జాబ్ యూజర్, బిగ్‌క్వెరీ డేటా ఎడిటర్ అనే రెండు పాత్రలు ఇస్తే 48 గంటల్లోపు మొదలవుతుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. అక్కడ స్థానం సున్నా నుంచి లెక్కిస్తారు కాబట్టి, మొత్తాన్ని ఇంప్రెషన్లతో భాగించాక ఒకటి కలపాలి. పట్టికలు తేదీలవారీగా విడగొట్టి ఉంటాయి కాబట్టి ప్రతి ప్రశ్నలోనూ తేదీ హద్దు పెట్టండి, లేకపోతే చరిత్ర మొత్తం చదివి ఖర్చు పెరుగుతుంది.

ఆ ఎగుమతి మొదలైన రోజు నుంచే లెక్కలు ఇస్తుంది, పాతవి వెనక్కి నింపదు. సెర్చ్ కన్సోల్ తనంతట తాను 16 నెలలే దాస్తుంది. డాష్‌బోర్డు రూపురేఖలు తేలడానికి మీకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆలోగా పాత నెలలు ఒక్కొక్కటిగా జారిపోతుంటాయి. కాబట్టి తెర గురించి ఆలోచించకముందే, ఈ వారంలోనే, ఏపీఐతో 16 నెలల లెక్కలను ఒక్కో రోజుకు విడివిడిగా అడిగి మీ పట్టికలో పోసి పెట్టండి.

మూడు నెలల కిందటి పదాల పరీక్ష చేశాక వచ్చిన స్థానం, మీ ప్రాపర్టీ ఏ రకానిదో చెప్పండి. పాత పదాలు కూడా దిగజారి ఉంటే ఏ పేజీల నుంచి మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.